మందు అనే మాట

గుంటూరు కొత్తపేటలో మా ఆసుపత్రి అడుగున, లిఫ్టు మోటారు పక్కన
రికార్డుల గది.
ఏసీ సర్వరుకి ఉంది, నాకు లేదు.
సోమవారం క్వాలిటీ వాళ్ళొస్తారు.
ఇంకా నూటపద్నాలుగు కేసు షీట్లు
కోడు పడక కూర్చున్నాయి,
చీటీ పట్టుకుని పిలుపు రాని మనుషుల్లా.

ఇంతకుముందు నేను మిర్చి యార్డులో
కమిషన్ కొట్లో లాట్ చీటీలు రాసేవాణ్ణి.
తేజ, బాడిగ, తాలు.
టిక్కీ కోసి, గుప్పెడు తీసి, విరిచి చూసి చెప్పేవాళ్ళు.
తాలుని తేజ అని రాస్తే
పొద్దుగూకేలోగా కొట్లాట.
ఇక్కడ తప్పు రాస్తే ఎవరూ కొట్లాటకి రారు.
నా భయమంతా అదే.

ఈ షీటు కట్టెపోగు ఏసోబుది.
నలభై ఒక్కేళ్ళు. ప్రత్తిపాడు అవతల ఎకరంన్నర కౌలు.
రాత్రి డ్యూటీ కుర్రడాక్టరు మొదటి పేజీలో పెట్టాడు:
పురుగుమందు తాగాడు.
డిశ్చార్జి సమ్మరీ దాన్నే ఎత్తి రాసుకుంది,
పక్కవాడి పలకలో చూసి రాసే పిల్లాడు
తప్పుతో సహా ఎత్తినట్టు.

ఇబ్బందంతా మన మాటలోనే ఉందండీ.
జ్వరానికి మింగేదీ మందే,
చేలో కొట్టేదీ మందే,
చీకటి పడ్డాక సీసాలోదీ మందే.
"మందు పడిందయ్యా" అని భార్య దీనమ్మ అని ఉంటుంది.
ఏ మందు, ఎక్కడ పడింది, అని ఆ కుర్రాడు అడిగి ఉండడు.

కోడు పుస్తకంలో మాత్రం మూడు గదులు:
పొరపాటున, కావాలని, తెలియదు.
రెండో గదిలో వేస్తే
కాగితం నా బల్ల దగ్గర ఆగదు.
బీమా ఆఫీసుకి పోతుంది, స్టేషనుకి పోతుంది,
వచ్చే ఏడు కౌలు మాట్లాడేటప్పుడు
ఆసామి నోట్లోకి పోతుంది.

వెనక్కి తిప్పాను.
రక్తం రిపోర్టులు, బిల్లు నకలు,
సంతకం లేని అంగీకార పత్రం ఒకటి,
అది సోమవారం నా మెడకే.
ఆ వెనక నర్సు నోట్సు. రాత్రి రెండూ నలభై.
కెజియా సిస్టర్ రాత, చీమలు బారు కట్టినట్టు,
సగం ఇంగ్లీషు, సగం తెలుగు:
చొక్కా వీపంతా తడి. కత్తెరతో కోసి తీశాం.
మెడ నుంచి నడుం దాకా ఎర్రగా ఉంది.
సబ్బుతో రెండుసార్లు కడిగాం.
నోట్లో వాసన లేదు.
ట్యాంకు కారిందని భార్య చెబుతోంది.
చొక్కా ఏదని అడుగుతున్నాడు. కొత్తదట.

చావాలనుకున్నవాడు చొక్కా అడుగుతాడా,
అనుకున్నాను.
వెంటనే నాలుక కరుచుకున్నాను.
అది ఊహ.
రాసింది చదవాలి, రాయనిది అడగాలి,
ట్రైనింగులో మొదటిరోజు చెప్పింది అదొక్కటే.

ప్రశ్న చీటీ రాసుకుని మూడో అంతస్తుకెక్కాను.
"ఏం మౌలాలీ, కిందటిసారి నూటికి తొంభై ఎనిమిది వచ్చాయిగా,
ఇంకేం కావాలి?"
నేనేం మాట్లాడలేదు.
సిస్టర్ పేజీ మీద వేలు పెట్టి నిలబడ్డాను.
పెద్దడాక్టరు ఒకసారి నిలబడి చదివారు,
ఒకసారి కూర్చుని చదివారు.
సొరుగులో వైట్నర్ కోసం వెతుకుతుంటే
వద్దు సార్, అన్నాను.
ఒక్క గీతే కొట్టాలి, కింద మాట కనబడాలి.
పక్కన తేదీ, టైము, సంతకం.

తాగాడు మీద గీత పడింది.
పైన సన్నగా:
చర్మం ద్వారా. పొరపాటున.

ఏసోబు ఇంటికెళ్ళి పదకొండు రోజులైంది.
ఆ పదకొండు రోజులూ
మా ఆసుపత్రి కాగితాల్లో అతను
చావాలనుకున్న మనిషి.
అతనికి తెలియదు, తెలియబోదు.
గీత కింద ఆ మాట
ఇప్పటికీ చదవొచ్చు.

కిందికొచ్చి నంబరు వేశాను.
నూటపదమూడు.
పై షీటు తీశాను: మోకాలి ఆపరేషను.
కుడిదో ఎడమదో
ఎవరూ రాయలేదు.